పక్కింటివాడిని కాపాడే నిరోధకశక్తి

1988లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, గ్రంథాలయానికి కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చే ఒక అమెరికన్ పత్రికలో శ్రీలంక శాస్త్రజ్ఞుల వ్యాసం ఒకటి నా కంటపడింది. మలేరియా మీద వ్యాసాలకు అప్పట్లో కొదవ లేదు గాని, వాటిలో చాలావాటికి లండన్, అమెరికా చిరునామాలే ఉండేవి. ఇది మాత్రం కొలంబో నుంచి వచ్చింది. రోగులూ, దోమలూ, పరిశోధకులూ దాదాపు అందరూ ఆ దీవివాళ్లే. ఆ వ్యాసకర్తలలో ఒకరైన కామినీ మెండిస్ పేరును అప్పటి నుంచి వదలకుండా వెంబడిస్తూ వచ్చాను. ఆమెను నేనెన్నడూ కలవలేదు. డిగ్రీ పిల్లలకు పరాన్నజీవుల పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా, నాకు తెలిసినంతలో ఆమె పని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు నా జ్వరం సంగతి చెప్పాలి. మాది చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఒక పల్లె. 1976లో నాకు పదకొండేళ్లు. దేశం మొత్తంలో ఏటా లక్ష కేసులకు దిగివచ్చిన మలేరియా మళ్లీ విరుచుకుపడి, ఆ ఒక్క సంవత్సరమే 64 లక్షలు దాటిందని తరువాత చదువుకున్నాను. ఆ లక్షల్లో నేనూ ఒకణ్ణి. దినం విడిచి దినం, మధ్యాహ్నం అన్నం తినే వేళకు చలి మొదలయ్యేది. అవ్వ నా మీద రెండు దుప్పట్లూ, వాటి మీద గోనెసంచీ కప్పి, అవి జారకుండా పట్టుకుని కూర్చునేది. గంట తిరగకముందే ఒళ్లు కాలిపోయేది, ఆ తరువాత చెమటలు పట్టి బట్టలు తడిసిపోయేవి, మరునాడు ఏమీ ఎరగనట్టు ఏట్లో ఆడుకునేవాణ్ణి. మలేరియా వాళ్లు వచ్చి వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తం తీసుకుని, చేదు మాత్రలు ఇచ్చి, గోడ మీద మందు కొట్టిన తేదీ రాసిపోయేవారు. సున్నం వేసేటప్పుడు కూడా ఆ తేదీని చెరపవద్దని మా నాయన చెప్పేవాడు.

ఆ చలి ఎందుకు వస్తుందో, గడియారం చూసుకున్నట్టు ఎందుకు వస్తుందో నాకు సరిగా అర్థమైంది 1992లో, మెండిస్ బృందం పరిశోధన చదివిన తరువాతే. మలేరియా పరాన్నజీవుల్లో ఒక జాతి అయిన వైవాక్స్ సోకిన రోగుల పక్కనే కూర్చుని, చలి మొదలైనప్పటి నుంచి చెమట పట్టేదాకా మళ్లీ మళ్లీ రక్తం తీసి పరీక్షిస్తే, జ్వరంతో పాటు రక్తంలో టీఎన్ఎఫ్ అనే పదార్థం పెరగడమూ, జ్వరంతో పాటే తగ్గడమూ కనిపించింది. పరాన్నజీవులు ఎర్రకణాలను ఒక్కసారిగా పగలగొట్టుకుని బయటపడినప్పుడు, మన తెల్లకణాలు విడుదల చేసే పదార్థం అది. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే, ఆ ఉధృతిలో ఉన్న రోగి రక్తంలో, దోమలోకి వెళ్లవలసిన పరాన్నజీవి లైంగిక దశ కణాలు నిస్తేజమైపోతాయని కూడా వారి ప్రయోగాలు చూపించాయి. అంటే నేను గోనెసంచి కింద వణుకుతున్న ఆ కాసేపట్లో నన్ను కుట్టిన దోమకు, బహుశా, పెద్దగా ఏమీ అంటుకుని ఉండదు.

కాని ఆమె పేరు నిలబెట్టిన అసలు విషయం ఇది కాదు. మలేరియాలో నిరోధకశక్తి అనగానే, జ్వరం రాకుండా మనిషిని కాపాడే శక్తి అనుకుంటాం. ఇక్కడ ఇంకొక రకం ఉంది. రక్తం దోమ కడుపులోకి చేరగానే వేడి తగ్గడం వల్లా, దోమలో ఉండే ఒక పదార్థం వల్లా లైంగిక దశ కణాలు మేలుకొని, పది పదిహేను నిమిషాలలో ఎర్రకణాన్ని చీల్చుకుని బయటికి వస్తాయి. అప్పటిదాకా కణం చాటున దాగి ఉన్నవి, ఇప్పుడు దోమ తాగిన మనిషి రక్తంలోనే నగ్నంగా ఈదుతుంటాయి. ఆ రక్తంలో వాటికి సరిపడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉంటే, అవి దోమ కడుపులోనే పని మొదలుపెట్టి, ఫలదీకరణను అక్కడే ఆపేస్తాయి. 1976లో రిచర్డ్ కార్టర్, డేవిడ్ చెన్ అనే శాస్త్రజ్ఞులు కోళ్ల మలేరియాలో దీన్ని చూపించారు: పరాన్నజీవి బీజకణాలతో టీకా వేసిన కోళ్లకు జబ్బు మామూలుగానే వచ్చింది, కాని వాటిని కుట్టిన దోమలకు అంటుకోలేదు. ప్రతిరక్షకం పుట్టేది ఒకరిలో, లాభం పొందేది ఆ దోమ తరువాత కుట్టే మరొకరు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు ఒక విద్యార్థి, "అట్లయితే నాకు రాకుండా ఉండదు గదా సార్, నేనెందుకు సూది వేయించుకోవాలి?" అని అడిగాడు. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఈ టీకాకు నేటికీ అడ్డుపడుతున్న చిక్కుల్లో అదొకటి.

కోళ్లలో జరిగింది మనుషుల్లో సహజంగా జరుగుతుందా అన్నది మెండిస్, కార్టర్ తదితరులు కలిసి చేపట్టిన ప్రశ్న. వైవాక్స్ విషయంలో దీనికి ఒక ఆచరణాత్మకమైన అడ్డంకి ఉంది. మరో మలేరియా పరాన్నజీవి ఫాల్సిపేరమ్‌ను 1976 నుంచి ప్రయోగశాలలో సీసాల్లో నిరంతరాయంగా పెంచగలుగుతున్నారు. వైవాక్స్ అట్లా పెరగదు. దానికి రోగి కావాలి, చికిత్సకు ముందు తీసిన తాజా రక్తం కావాలి, పక్కనే పెంచుకున్న దోమలు కావాలి. ఎంత ఖరీదైన ప్రయోగశాలైనా రోగి ఊరికి దూరంగా ఉంటే ఈ పని సాగదు. కొలంబో పరిశోధకుల బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. మన జిల్లాల్లోనూ ఆ రోజుల్లో రోగులకు కొరత లేదు. దోమల పెంపకానికి ఒక గది కావాలని నేను పెట్టుకున్న అర్జీ మాత్రం ఒక కార్యాలయంలో రెండేళ్లు నిద్రపోయి, చివరికి దొరకనే లేదు.

వాళ్లు చేసిన పద్ధతి సరళమైనది. రోగి రక్తాన్ని పలుచని పొర వెనుక ఒంటి వేడికి వెచ్చగా ఉంచి దోమలకు తాగిస్తారు; అదే రక్తకణాలను నిరోధకశక్తి లేని మనిషి సీరంలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) కలిపి మరికొన్ని దోమలకు తాగిస్తారు. కొన్ని రోజుల తరువాత దోమల కడుపులు విప్పి, గోడ మీద పరాన్నజీవి ఎదుగుతూ ఉబ్బిన బుడిపెలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. వైవాక్స్ సోకిన రోగులలో అనేకమందికి ఈ నిరోధకశక్తి సహజంగానే వస్తుందని తేలింది. అయితే అది నిలకడైనది కాదు. నాలుగు నెలల లోపల రెండోసారి జ్వరం వస్తే బలపడుతుంది. అంతకన్నా ఎడం వస్తే శరీరం దాన్ని మరిచిపోయినట్టే ప్రవర్తిస్తుంది. పైగా ప్రతిరక్షకాలు మరీ పలుచగా ఉన్నప్పుడు ఆపడానికి బదులు దోమలో పరాన్నజీవి ఎదుగుదలను పెంచడం కూడా వారు గమనించారు. టీకా తయారు చేయాలనుకునేవారికి ఇది ఇబ్బంది కలిగించే ఫలితం. దాన్ని దాచకుండా 1988లో ప్రచురించారు.

ఆ తరువాత ఆమె దృష్టి ప్రయోగశాల నుంచి ఊళ్లకు మళ్లింది. ఆ దీవి ఆగ్నేయ భాగంలో మాణిక్ గంగ ఒడ్డున ఉంది కతరగామ సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ఆడికృత్తికకు పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణికి కావడి మోసుకెళ్లే మన వాళ్లలో తమిళం తెలిసినవారు దాన్ని కదిర్‌గామం అంటారు. ఆ ప్రాంతపు ఇళ్లను బృందం ఇంటింటికీ వెళ్లి పరిశీలించి, 1991లో ఒక విషయం చెప్పింది: మట్టిగోడలూ తాటాకు, కొబ్బరాకు కప్పులూ ఉన్న ఇళ్లలో, ఇటుకగోడలూ పెంకుటి కప్పూ ఉన్న ఇళ్లకన్నా మలేరియా బాగా ఎక్కువ. 2003లో మరొక అధ్యయనం, పదేపదే మలేరియా వచ్చిన బడిపిల్లలు భాషలోనూ లెక్కల్లోనూ వెనకబడుతున్నారని చూపింది. నేను ఉపాధ్యాయుణ్ణి కాబట్టేమో, బుడిపెల లెక్కలకన్నా ఈ మార్కుల లెక్కలే నన్ను ఎక్కువ కలతపెట్టాయి. 2001లో, అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న ఆమె, కార్టర్ తదితరులతో కలిసి, వైవాక్స్ ఏటా 7 నుంచి 8 కోట్ల మందిని పట్టి పీడిస్తోందని అంచనా వేసి, దాన్ని సాధువైన మలేరియా అనడం తగదని వాదించారు. గోనెసంచి కింద పడుకున్నవాడెవడూ దాన్ని సాధువు అనడు.

శ్రీలంక కథలో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. 1934–35లో నైరుతి వానలు పడక నదులు ఎండి గుంటలుగా మిగిలితే, వాటిలో మలేరియాను మోసే క్యులిసిఫేసిస్ దోమ విపరీతంగా పెరిగి సుమారు 80 వేలమంది చనిపోయారు. వేసవిలో స్వర్ణముఖి ఇసుకలో మిగిలే గుంటలూ, చిత్తూరు రాతి క్వారీలలో నిలిచే నీళ్లూ చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. 1963 నాటికి కేసులు 17కు తగ్గాయి. అయిపోయిందనుకుని పట్టు సడలించగానే, ఆ దశాబ్దం ముగియకముందే లక్షల్లోకి చేరాయి. చివరికి స్థానికంగా సోకిన ఆఖరి కేసు 2012 అక్టోబరులో నమోదై, 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా రహితంగా ప్రకటించింది. ఈ విజయం మెండిస్ వెతికిన టీకాతో రాలేదు. గోడలకు మందు, దోమతెరలు, ప్రతి జ్వరానికీ రక్తపరీక్ష, యుద్ధప్రాంతాల్లో కూడా ఆగని ఆరోగ్య కార్యకర్తల నడక, వీటితో వచ్చింది. ఆ టీకా ఇంకా పరీక్షల దశలోనే ఉంది. దోమ కడుపులో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఒక జీవితకాలం పెట్టినావిడ, తన దేశం జబ్బును వేరే దారిలో వదిలించుకుంటుంటే ఆ పనిలోనూ చేయి కలిపారు. ఇది నిరాశో సంతృప్తో ఆమెనే అడగాలి.

నాలుగు నెలల్లో మరిచిపోయే ఆ నిరోధకశక్తి ఇప్పుడు అక్కడివారికి మిగిలి ఉండదు. 2016 చివర శ్రీలంకలోని మన్నారులో, మలేరియాను మోసే మరో దోమ స్టీఫెన్సీని కనుగొన్నారు. మన పట్టణాల్లో ఇళ్ల మీది నీళ్ల ట్యాంకుల్లో గుడ్లు పెట్టేది ఆ దోమే. 2018 డిసెంబరులో మన దేశం నుంచి వెళ్లిన ఒక కార్మికుడి ద్వారా అక్కడివారొకరికి వైవాక్స్ సోకింది. వెంటనే పట్టుకుని ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు సాయంత్రం మిద్దె ఎక్కి మా ట్యాంకు చూశాను. మూత ఒక పక్క పగిలి ఉంది, నీటి మీద అడ్డంగా, ఉపరితలానికి సమాంతరంగా లార్వాలు తేలుతున్నాయి. మలేరియాను మోయని క్యూలెక్స్ దోమవి అయితే తల కిందికి వేలాడేవి.