నైజర్, ట్యునీషియా, మన ఒకటో తరగతి

1960లో ట్యునీషియా జనాభా దాదాపు 40 లక్షలు, నైజర్‌ది అంతకన్నా కాస్త తక్కువ. రెండూ ఫ్రెంచివాళ్ల పాలన నుంచి బయటపడ్డ ఆఫ్రికా దేశాలే, రెండు చోట్లా అప్పట్లో ఒక్కో తల్లికి సగటున ఏడుగురు పిల్లలు. ఇప్పుడు ట్యునీషియాలో 1.2 కోట్ల మంది ఉంటే నైజర్ రెండున్నర కోట్లు దాటిపోయింది. విశాఖలో ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లకి ఇదంతా ఎందుకంటారా? చెప్తాను.

నైజర్ జనాభాలో దాదాపు సగం మంది 15 ఏళ్లలోపువాళ్లే. వయసులవారీగా గ్రాఫ్ గీస్తే గాలిగోపురంలా కింద అంత వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఈ లెక్కన ఇరవై ఏళ్లు తిరిగేసరికి బడికి వెళ్లాల్సిన పిల్లలు దాదాపు రెట్టింపవుతారు, అంటే ఉన్నన్ని గదులు మళ్లీ కట్టి, ఉన్నంతమంది టీచర్లని మళ్లీ వేస్తేగానీ పరిస్థితి ఇప్పుడున్నట్టు కూడా ఉండదు, బాగుపడటం తర్వాత మాట. అన్ని గదులు కట్టలేక గడ్డిపాకలు వేసి వాటిలోనే క్లాసులు నడుపుతున్నారు. 2021 ఏప్రిల్‌లో రాజధాని నియామేలో అలాంటి పాకలు అంటుకుని 20 మంది పిల్లలు చనిపోయారు, అదే ఏడాది నవంబరులో మరాదీ అనే ఊళ్లో కనీసం 26 మంది. మరాదీలో పోయినవాళ్లు ఐదారేళ్ల పిల్లలు. రోజంతా ఆ వయసువాళ్ల మధ్యే ఉంటాను కదా, ఆ వార్త చదివిన దగ్గర్నుంచి జనాభా లెక్కలు నాకు వట్టి అంకెల్లా అనిపించట్లేదు.

ట్యునీషియా వేరే దారి పట్టింది. 1956లో స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే ఆ దేశ నాయకుడు బూర్గిబా ప్రభుత్వం బహుభార్యత్వాన్ని రద్దు చేసింది, 1964లో అమ్మాయిల పెళ్లి వయసుని 17కి పెంచింది, కుటుంబ నియంత్రణని పల్లెలదాకా తీసుకెళ్లింది, ఆడపిల్లల్ని బడికి పంపింది. 2000 నాటికి తల్లికి ఇద్దరు పిల్లలే. నైజర్‌లో మాత్రం నలుగురు అమ్మాయిల్లో ముగ్గురికి 18 నిండకుండానే పెళ్లయిపోతోంది. ఎడారి, పేదరికం, ఇంకా ఎన్నో కారణాలు ఉన్నాయి, కాదనను, కానీ నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఇకమీద కాన్పులు మెల్లగా తగ్గుతూ వచ్చినా, తల్లులు కాబోయే అమ్మాయిలే ముందు తరం కన్నా ఎంతో ఎక్కువమంది కాబట్టి, అక్కడ బడి పిల్లల సంఖ్య ఇంకా చాలా ఏళ్లు పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి సగటున 1.7 మంది పిల్లలే. మా బడిలో ఒకటో తరగతి హాజరుపట్టీలో సగం పేజీ ఖాళీగానే ఉంటుంది, జూన్ వస్తే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని అడుగుతాం. అందరూ ప్రైవేటుకి పోతున్నారు అంటారు, అదీ నిజమే, కానీ అసలు పుట్టేవాళ్లే తగ్గారన్న మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినా వెంటనే వచ్చే ఆలోచన ఒకటే, ఈ బడిని పక్క బడిలో కలిపేద్దాం అని. పక్క బడికి వెళ్లాలంటే లారీలు తిరిగే హైవే దాటాలి, ఐదేళ్ల పిల్లని ఏ తల్లి పంపుతుంది?

ఐదారేళ్ల తర్వాత ఒకటో తరగతిలో చేరేవాళ్లు ఈ ఏడాది పుడుతున్న పిల్లలే. ఏ వార్డులో ఎంతమంది పుట్టారో జనన నమోదులో ఉంటుంది, వలస వచ్చే కుటుంబాల్ని కూడా కలుపుకుని ఆ లెక్క ముందు వేసి, బడుల సంగతి తర్వాత తేల్చాలి. క్లాసుకో టీచర్ కావాలని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాం. నైజర్ ఎంత కష్టపడ్డా ఇప్పట్లో ఇవ్వలేనిది అదే, పిల్లలు తగ్గుతున్న మనకి మాత్రం ఉన్న టీచర్లతోనే కుదురుతుంది, బడులు మూసేయకుండా ఉంటే.