అర మార్కు బాకీ

తొమ్మిదో తరగతిలో సంస్కృతం మాస్టారు పెట్టిన ఆ స్లిప్ టెస్టు మా బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోయి ఉండరు. ‘శాల’తో ముగిసే పదాలు ఐదు రాయమన్నారు. పాఠశాల, పాకశాల, గోశాల, అశ్వశాల వచ్చాయి. ఐదోది తట్టక ‘శునకశాల’ అని రాసేశాను. మాస్టారు పైకి చదవగానే క్లాసంతా ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. “వ్యాకరణం ఒప్పుకుంటుందిరా, ఊరే ఒప్పుకోదు” అని అర మార్కు వేశారు.

ఉద్యోగం పేరుతో ఇటలీలో టొరీనో చేరాక, ఒక ఆదివారం పక్కింటి పెద్దావిడ కుక్కను తెచ్చుకోవడానికి తోడు రమ్మంది. వెళ్లిన చోట గేటు మీద బోర్డు: ‘కనీలే’. అంటే ఏమిటని అడిగాను. లాటిన్‌లో కుక్క ‘కనిస్’, దానికి ‘ఈలే’ తగిలిస్తే కుక్కలుండే చోటు అంది. గొర్రె ‘ఒవిస్’, గొర్రెల దొడ్డి ‘ఒవీలే’. పందుల దొడ్డి ‘పొర్చీలే’. అచ్చం మన ‘శాల’ లాగే! ఇంగ్లిషు వాళ్ల కెన్నెల్, ఫ్రెంచి వాళ్ల షెనీ కూడా ఈ ‘కనీలే’ పిల్లలేనట.

‘ఒవిస్’ అనగానే మాస్టారి నల్లబల్ల కళ్లముందు మెదిలింది. సంస్కృతంలో ‘అవి’ అన్నా గొర్రేగా! మన ‘శ’ ఉన్నచోట లాటిన్‌లో ‘క’ వస్తుందని వందకి సంస్కృతం మాట శతం, లాటిన్ మాట కెంటుమ్ పక్కపక్కన రాసి చూపించారు. ఆ లెక్కన కుక్కకి మన సంస్కృతం మాట ‘శ్వా’, వాళ్ల ‘కనిస్’ దాయాదులే. ఇంకో తమాషా, పాత రోములో జనం ఓట్లేయడానికి వరసలో నిలబడే కంచెల ఆవరణను కూడా ‘ఒవీలే’ అనేవారు. మన పోలింగు బూతు క్యూలు చూసినవాళ్లకి ఈ పేరు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లుల ఆశ్రయానికి ‘గత్తీలే’ అంటారు. ఇది ‘కనీలే’ని చూసి తర్వాత కట్టుకున్న మాట.

లోపల ఒక ముసలి కుక్క స్టీలు గిన్నె అంచు కొరుకుతూ పడుకుని ఉంది. ఎన్నాళ్లుగా ఉందని అడిగితే ఆరేళ్లన్నారు. 1991లో వచ్చిన 281వ నంబరు చట్టం ప్రకారం నయంకాని జబ్బో, నిజంగా ప్రమాదకరమో అయితే తప్ప ఇక్కడి కుక్కల్ని చంపకూడదు. పెద్దావిడ దాన్నే తెచ్చుకుంది. దారంతా నా చెప్పు నాకుతూనే వచ్చింది.

ఈసారి మా బ్యాచ్ సమ్మేళనానికి మాస్టారు వస్తున్నారని తెలిసింది. ఆ స్లిప్ టెస్టు కాగితం అమ్మ ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. తెస్తున్నాను.