ముప్ఫై మీటర్లకి ఎన్ని తన్నులు?

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేర్లు మారాయి. రేవులో మాత్రం అందరి నోటా ఇంకా పాత పేర్లే. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రభుత్వ ఫెర్రీ చవక, రెండున్నర గంటల ప్రయాణం, కానీ టికెట్టు దొరికితే కదా! ప్రైవేటుది గంటన్నర, వెయ్యి పైచిలుకు. ఏసీ వేసి అద్దాలు మూసేస్తారు. సముద్రం మీద పోతూ సముద్రపు గాలి తగలకుండా ఉండటానికి కట్టిన డబ్బు అనుకోవాలి.

వెళ్లింది అడ్వాన్స్‌డ్ స్కూబా డైవింగ్ కోర్సుకి. మొత్తం ఐదు డైవ్‌లు, వాటిలో రెండు తప్పనిసరి: లోతు డైవ్, నావిగేషన్ డైవ్ (నీటి అడుగున కంపాస్‌తో దారి పట్టుకోవడం). ముప్ఫై మీటర్ల లోతుకి దిగడం గురించి అందరూ గొప్పగా చెబుతారు. రెండోదాన్ని "అదీ ఒకటుందిలే" అన్నట్టు చూస్తారు. ఉత్త ఇసుక మీదుగా చతురస్రంగా ఈది రావడంలో ఏముంటుందని నాకూ అనిపించింది. తీరా చూస్తే గుర్తుండిపోయింది ఆ ఒక్కటే.

బీచ్ నంబర్ 2 దగ్గర నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ. మొదటిసారి నీళ్లలోకి దిగే పర్యాటకుల గుంపులన్నీ అక్కడికే వస్తాయి. ఉదయం ఎనిమిదికే వాళ్ల ఫిన్స్ (కాళ్లకి తొడుక్కునే ఈత రెక్కలు) లేపిన ఇసుకతో నీళ్లు కలకబారి, ఐదారు మీటర్ల అవతల ఏమీ కనబడలేదు. చిరాకేసింది. కానీ ఈ పాఠానికి అలాంటి నీళ్లే నయం. తేటనీటిలో మనం కళ్లతోనే దారి పట్టుకుని, కంపాస్‌తో వచ్చామని అనుకుంటాం.

ముందు ఒడ్డున సాధన. తల మీద తువ్వాలు కప్పుకుని, కంపాస్ తప్ప ఏమీ కనబడకుండా ఇసుకలో నడవాలి. పడవ మీదున్న పెద్దాయనది శ్రీకాకుళం వైపు తెలుగు. అండమాన్‌లో మనవాళ్లకి కొదవేముంది? "ఏటి బాబూ, దెయ్యం పట్టినోడిలాగ తిరుగుతున్నావు" అన్నాడు.

కంపాస్ మీద మధ్యగా ఉండే గీత మన ఒంటికి సమాంతరంగా ఉండాలి. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. కంపాస్ ఎడమ మణికట్టుకి ఉంటే కుడి చెయ్యి ముందుకు బారుగా చాపి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకోవాలి. అప్పుడు కంపాస్ ముఖానికి సూటిగా, కదలకుండా ఉంటుంది. వాలిస్తే లోపలి డయల్ ఎక్కడో ఒరుసుకుని ఆగిపోతుంది. చూడటానికి నిలకడగానే ఉంటుంది, చూపించేది మాత్రం తప్పు. కంపాస్‌లోకి తొంగిచూడకూడదు, దాని మీదుగా ముందుకు చూడాలి. అదే దిక్కులో ఒక రాయినో పగడపు గుట్టనో గురిపెట్టి, అక్కడికి చేరాక ఇంకోటి వెతుక్కోవాలి. ఇద్దరు డైవర్లు తమ కంపాసులు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుంటారు. ఒకదాని అయస్కాంతం రెండోదాన్ని లాగుతుంది కాబట్టి రెండూ తప్పే చెబుతాయి.

తిరుగుదారికి 180 కలపాలి, లేదా తీసెయ్యాలి. 70 డిగ్రీల్లో వెళ్తే 250లో రావాలి. అసలు లెక్కే అక్కర్లేదు. బయల్దేరేటప్పుడు బయటి చక్రం మీది రెండు గాట్ల మధ్యకి ఉత్తరం బాణాన్ని తెచ్చిపెడితే, వచ్చేటప్పుడు ఆ బాణం తోక అదే గాట్ల మధ్యకి వచ్చేదాకా ఒళ్లు తిప్పితే చాలు.

ఇక దూరం. నీటిలో వస్తువులు నాలుగో వంతు దగ్గరగా కనబడతాయి, కంటి అంచనా పనికిరాదు. ముప్ఫై మీటర్ల తాడు పరిచి, దాని పొడవునా ఈదుతూ, రెండు కాళ్లూ ఒక్కోసారి తన్నితే ఒకటి చొప్పున లెక్కపెట్టాలి. నాకు వెళ్లేటప్పుడు 22, వచ్చేటప్పుడు 26. ఎదురు ప్రవాహమైతే తన్నులు పెరుగుతాయి, అందుకే రెండింటి సగటు, 24, తీసుకోవాలి. టైము సుమారు 75 సెకన్లు. కంపాస్ పట్టుకున్నవాడు లెక్క పెట్టకూడదు. లెక్క, లోతు, గాలి గేజి బడ్డీ (జంటగా దిగిన తోటి డైవర్) చూసుకోవాలి. రెండు పనులూ ఒకడే చేస్తే పదిహేనో తన్ను దగ్గర లెక్క తప్పడం ఖాయం.

ఆ తర్వాత చతురస్రం: 70, 160, 250, 340. ఒక్కో వైపు 24 తన్నులు. నాలుగోది పూర్తయ్యాక, మొదలుపెట్టిన చోటి లంగరు తాడు కనబడాలి. కనబడలేదు. దిక్కులన్నీ సరిగ్గానే పట్టాం, లెక్కా తప్పలేదు.

కరెంటు. ఇంట్లో పోయేది కాదు, నీటి ప్రవాహం. దిక్కులో పది డిగ్రీలు తప్పితే ముప్ఫై మీటర్లకి ఐదు మీటర్లు పక్కకి పోతాం. అదే పది డిగ్రీల తప్పు నాలుగు వైపులా ఉంటే చతురస్రం మొత్తం ఒరుగుతుందే తప్ప చివరికి మొదటి చోటికే చేరుస్తుంది. కరెంటు అలా రద్దు కాదు. సెకనుకి పది సెంటీమీటర్లంటే ఒంటికి తెలియనే తెలియదు. నాలుగు వైపులకీ ఐదు నిమిషాలు, అంటే మూడొందల సెకన్లు, అంటే ముప్ఫై మీటర్లు! తన్నుల లెక్క నీటిలో మన దూరం చెబుతుంది, నేల మీద దూరం కాదు. మందు ఒక్కటే: నీళ్లతో పాటు కదలని గుర్తులు. ప్రతి మూలా ఒక రాయి దగ్గర తిప్పుకోవాలి, కిందటి మూల వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. తిరిగొచ్చేటప్పుడు రీఫ్ వేరే ముఖంతో కనబడుతుంది కాబట్టి ఆ చూపు పనికొస్తుంది.

పైన పడవ ఇంజిను చప్పుడు వినబడుతూనే ఉంది. ఎటు నుంచో తెలియలేదు. నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లు వేగంగా వచ్చి రెండు చెవులకీ ఒకేసారి తగిలినట్టుంటుంది. దాన్ని నమ్మి వెతకడం గాలి దండగ. తప్పిపోయామని తేలగానే ఆగి, నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా నెమ్మదిగా పైకొచ్చి, చుట్టూ చూసి, పడవ దిక్కు కంపాస్‌లో పట్టుకోవాలి. గాలి ఉంటే మళ్లీ దిగి రావచ్చు. సిలిండర్‌లో 200 బార్ల గాలి ఒత్తిడితో దిగి 50 మిగుల్చుకోవాలంటే 125 దగ్గరే వెనుదిరగాలి. అందుకే మొదట ఎదురు ప్రవాహంలో వెళ్లాలి, అలిసిపోయాక అదే మోసుకొస్తుంది.

"ఒడ్డు గురుతు ఎట్టుకోకుండా దిగితే అంతే మరి" అన్నాడు పెద్దాయన. రెండోసారి దిగే ముందు ఒడ్డున ఒక కొబ్బరిచెట్టూ దాని వెనక గుడిసె కప్పూ ఒకే గీతలో ఉండేలా చూసుకున్నాం. ఆ గీత విడిపోయిందంటే మనం పక్కకి జరిగినట్టే. అడుగున ఇసుక అలల గీతలున్నాయి, అవి సాధారణంగా ఒడ్డుకి సమాంతరంగా ఉంటాయి. ఆ గీతల్ని అడ్డంగా దాటుతూ లోతు తగ్గే వైపు వెళ్తే ఒడ్డు. ఈసారి లంగరు తాడు ఐదు మీటర్ల దూరంలో కనబడింది.

చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఇంకో రోజు గది అద్దె, ఇంకో పూట నూట యాభై రూపాయల ఉప్మా. సాయంత్రం పోటు తీసి, దీవిలోనే ఉన్న విజయనగర్ బీచ్‌లో ఇసుక చాలా దూరం బయటపడింది. దాని మీద అవే గీతలు, ఒడ్డుకి సమాంతరంగా. ఒక్క వాగు నోటి దగ్గర మాత్రం అడ్డం తిరిగి ఉన్నాయి.