పెళ్లికి కేలీ బ్యాండును కుదుర్చుకునే ముందు

స్కాట్లండులో పెళ్లి విందు జరిగే సాయంత్రం చాలా కుటుంబాలు కేలీ అనే సామూహిక నృత్య కార్యక్రమం ఏర్పాటు చేస్తాయి. అకార్డియన్, ఫిడేలు, డ్రమ్స్, వీటికి తోడు కీబోర్డో గిటారో వాయించే నలుగురైదుగురు వేదిక మీద ఉంటారు. వారి వాద్యానికి అతిథులందరూ జంటలుగా, వరుసలుగా, వలయాలుగా కలిసి ఆడతారు. ఎడిన్‌బరోలో స్థిరపడిన మా అక్కయ్య కుమార్తె అక్కడి అబ్బాయిని వివాహమాడినప్పుడు, అదే ఊళ్లో ఉన్నందుకు, బ్యాండును కుదిర్చే బాధ్యత నాకు అప్పగించారు. సంగతి చెప్పగానే మా బావగారు, "ఎంతసేపు వాయిస్తారు? పెద్దవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టవచ్చా?" అని అడిగారు. మనకు పెళ్లిలో సంగీతమంటే కూర్చుని వినేది, లేదా కబుర్ల మధ్య వినీ వినకుండా వదిలేసేది. కేలీ మొదలయ్యే వేళకు కుర్చీలన్నింటినీ గోడవారకు జరిపేస్తారని తెలిసి ఆయన కొంత కంగారుపడ్డారు.

అందుకే నేను బ్యాండ్లవారితో మాట్లాడినప్పుడు, ఎవరు ఎంత బాగా వాయిస్తారన్న విచారణకు ముందు, కాలర్ ఎవరని అడిగాను. ప్రతి నృత్యానికీ ముందు మైకులో అడుగులు వివరించి, వాద్యం లేకుండా ఒకసారి అందరినీ నడిపించి, ఆ తరువాత వాద్యం సాగుతున్నంతసేపూ ఎప్పుడు ఏం చేయాలో కేక వేసి చెప్పే మనిషినే కాలర్ అంటారు. కొన్ని బ్యాండ్లలో అకార్డియన్ వాయించేవారే ఆ పని కూడా చూసుకుంటారు. స్కాట్లండు పిల్లలు క్రిస్మస్ వేడుకలకు ముందు బడిలోనే, వ్యాయామం పీరియడులో, ఈ నృత్యాలు నేర్చుకుంటారు కనుక, స్థానికులే నిండిన పెళ్లిలో పెద్దగా చెప్పవలసిన అవసరం ఉండదు. అతిథులలో సగం మంది విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో దిగినవారైతే పరిస్థితి వేరు. నేను అంతకుముందు వెళ్లిన ఒక విందులో బ్యాండు చక్కగా వాయించింది గానీ, కాలర్ రెండు ముక్కలు గబగబా అప్పజెప్పి ఊరుకోవడంతో, వరుడి తరఫువారు ఆడుతూ, వధువు తరఫువారు ఫోనులో వీడియోలు తీస్తూ, ఒకే హాలులో రెండు వేర్వేరు విందులు జరిగినట్లయింది. కొత్తవారికి ఓపికగా నేర్పగల కాలర్ దొరికితే, వాద్యకారులు ఒకరు తగ్గినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఏ నృత్యాలు ఆడించాలో కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది. సాధారణంగా మొదట వచ్చే గే గోర్డన్స్ జంటల నృత్యం: నాలుగడుగులు ముందుకు నడిచి, పట్టిన చేతులు వదలకుండా ఉన్నచోటనే వెనుదిరిగి, సాగుతున్న దిశ మారకుండా మరో నాలుగడుగులు వెనక్కి నడవాలి. చదవడానికి తికమకగా ఉంటుంది గానీ రెండోసారికి కాళ్లకు అలవాటైపోతుంది. మన కుటుంబాలకు దానికంటే డాషింగ్ వైట్ సార్జెంట్ నప్పుతుందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అందులో ముగ్గురు ఒక జట్టుగా నిలిచి ఎదుటి ముగ్గురితో ఆడి, వారిని దాటి తరువాతి జట్టును కలుస్తారు. జంటగా ఆడడానికి మొహమాటపడే పిన్నిగారు ఇద్దరు మేనకోడళ్ల మధ్య నిశ్చింతగా నిలబడవచ్చు. ఇక స్ట్రిప్ ది విల్లో అనే నృత్యం, ఆర్క్నీ దీవుల పద్ధతిలో, హాలు పొడవునా రెండు వరుసలు తీరి, ఒక్కొక్క జంట మోచేతులు మెలివేసి గిరగిరా తిరుగుతూ వరుస చివరి దాకా సాగుతుంది. మన కోలాటంలో కర్రలు పక్కన పెట్టి, వేగం రెట్టింపు చేసినట్లుంటుంది. ఆ నృత్యానికి ముందు మా అక్కయ్య ఆడవాళ్లందరిచేతా గాజులు తీయించి ఒక పళ్లెంలో పెట్టించింది. పట్టు జారితే గాజు ముక్క ఎదుటివారి ముంజేతిలో దిగుతుంది కనుక, ఈ జాగ్రత్త తప్పనిసరి. కుచ్చిళ్లకు పిన్నులు, కాళ్లకు మడమ ఎత్తులేని చెప్పులు ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

బ్యాగ్‌పైపు కూడా ఈ బ్యాండులో భాగమేనని మనవారు అనుకుంటారు, కానీ సాధారణంగా అది ఉండదు. దాని శ్రుతి మిగతా వాద్యాలకు సులభంగా కుదరదు, చిన్న హాలులో దాని ధ్వని భరించడమూ కష్టం. అతిథులకు ఆరుబయట స్వాగతం పలకడానికి పైపరును విడిగా కుదుర్చుకుంటారు. ఈ నృత్య సంగీతానికి అకార్డియనే ప్రాణం. ఫైఫ్ ప్రాంతానికి చెందిన జిమ్మీ షాండ్ (1908–2000) దానిని ఇంటింటికీ చేర్చారు. సంగీతం నేర్చుకున్న మనవారికి ఈ నృత్యాల బాణీలైన జిగ్‌లో తిశ్రం, రీల్‌లో చతురశ్రం నడక వెంటనే చెవికి తగులుతుంది.

తక్కినవి ఒప్పందంలో రాసుకోవలసిన సంగతులు. వాద్యం ఎన్ని విడతలుగా సాగుతుంది, మధ్యలో తెలుగు సినిమా పాటలు వేయడానికి వారి స్పీకర్లు వాడుకోవచ్చా, ప్రయాణ ఖర్చు రుసుములో కలిసిందా, బ్యాండువారికి భోజనం ఎవరు పెడతారు, వారి వల్ల ఇతరులకు నష్టం జరిగితే పరిహారమిచ్చే పబ్లిక్ లయబిలిటీ బీమా వారికి ఉందా అన్నవి ముందే అడగాలి. కొన్ని హాళ్లలో శబ్దం పరిమితి దాటగానే కరెంటు ఆపివేసే పరికరం ఉంటుంది. డ్రమ్స్ ఉన్న బ్యాండుకు ఆ సంగతి ముందుగా చెప్పకపోతే నృత్యం మధ్యలో హాలు మూగబోతుంది. తివాచీ పరిచిన హాలు కంటే చెక్క నేల మేలు.

అన్నింటికంటే చిక్కు తేదీతో వస్తుంది. స్కాట్లండులో పెళ్లిళ్ల కాలమైన వేసవి నడిమధ్యన మన ఆషాఢం పడుతుంది. మనవారు దానిని తప్పించి ముందుకో వెనక్కో జరిగితే, మంచి బ్యాండ్లకు ఆ శనివారాలు ఏడాది ముందే నిండిపోయి ఉంటాయి. మా ఇంట్లో ముహూర్తాన్ని గురువారం ఉదయానికి ఖాయం చేసి, కేలీ విందును బ్యాండు ఖాళీగా ఉన్న శుక్రవారం సాయంత్రానికి పెట్టుకున్నాము. వారం మధ్య రోజు కావడంతో ముహూర్తానికి హాలు అద్దె కూడా తగ్గింది.