కింద కూర్చునేవాళ్ల కోసం చర్చి

మన కట్టడాల తీరులో చర్చి కావాలంటే చాలా ప్లాన్లు పైన ఒక గుమ్మటం పెట్టి ఊరుకుంటాయి. తెలంగాణలోని దోర్నకల్ చర్చి చూసొచ్చినవాళ్లు తెచ్చే ఫోటోలూ గుమ్మటాలవే. అక్కడి బిషప్ అజరయ్య హయాంలో కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి ఉన్న మాట నిజమే. కానీ పల్లెలో 200 మందికి మందిరం గీసేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది పైకప్పు కాదు. జనం చాపల మీద కూర్చుంటారా, బెంచీల మీదా?

చాపలైతే కొలతలన్నీ మారతాయి. మనిషికి 6 చదరపు అడుగుల లెక్కన 1200. నడవకూ, ప్రభువు బల్ల ముందు మోకరించడానికీ కలిపి 30×50 అడుగుల హాలు. కింద కూర్చున్నవాళ్ల కళ్లు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి కాబట్టి వేదిక అడుగున్నర చాలు. మూడడుగులు లేపితే ముందు వరుసవాళ్లకు మెడలు పట్టేస్తాయి. కిటికీదీ అదే తంతు. మేస్త్రీ అలవాటు కొద్దీ మూడడుగుల మీద పెడతాడు, గాలంతా తలల మీదుగా పోతుంది. అడుగున్నరకు దింపి, కింది సగానికి ఇటుక జాలీ కడితే గాలి ఒంటికి తగులుతుంది, పిల్లలూ బయటికి దూకరు.

గుడి మండపం తీరులో స్తంభాలు పెట్టుకోండి, వాటి ఇరుకు మాత్రం వద్దు. రాతి దూలం ఎక్కువ దూరం ఆగదు గనక గుళ్లో అంత దగ్గరదగ్గరగా నిలబెట్టారు. అక్కడ జనం దర్శనం చేసుకుని కదిలిపోతారు. ఇక్కడ రెండు గంటలు ఒకేచోట కూర్చుని వాక్యం వినాలి. స్తంభాలను రెండు పక్కలా వరండాల్లోకి నెట్టేస్తే క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు పట్టని జనం అక్కడ సర్దుకుంటారు.

బలిపీఠం, అంటే ఆ ప్రభువు బల్ల, తూర్పున పెడితే పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి, వరండాలే నీడ. పీఠం వెనక మాత్రం కిటికీ వద్దు. ఉదయం ఆరాధనలో ఎదురెండకు పాస్టర్ ముఖమే కనబడదు. గర్భగుడి లెక్కన వెనక గట్టి గోడ కట్టి, వెలుగు పక్కల నుంచి రానివ్వాలి.

గుమ్మటం తప్పదంటే అర్ధగోళంగా, బాగా ఎత్తున వేయండి. పళ్లెంలా వేస్తే ఆ వంపు కేంద్రం తలల ఎత్తుకు దిగొచ్చి, మాటలు ఒకచోట గింగురుమంటాయి, మరోచోట అర్థం కావు.

పూతకు డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) మంచిదే, తొందర పనికిరాదు. జల్లెడ పట్టకుండా, కనీసం రెండు వారాలు నాననివ్వకుండా వాడితే నీళ్లలో ఉడకని సున్నం పలుకులు తర్వాత గోడలో ఉబ్బి గుంటలుగా రాలతాయి. అలా రాలినచోట సిమెంటు మెత్తకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక చుట్టూ ఉన్న మంచి పూతనూ ఊడదీస్తుంది.