పాత పంచె, యూవీ ట్యూబు: పురుగుల లెక్క రెండో ఏడాది

ఆషాఢ అమావాస్య, గాలి లేదు. ఏడున్నరకి మేడ మీద నాన్న పాత పంచె దండేనికి కట్టి, ముందు అడుగు దూరంలో 15 వాట్ల యూవీ (అతినీలలోహిత కాంతి) ట్యూబు పెట్టాను. ఆ వెలుగుకి వచ్చిన పురుగులు పంచె మీద వాలతాయి. పావుగంటకోసారి పంచె మొత్తానికి ఒక ఫోటో. తొమ్మిదిన్నరకి ఆపేసరికి మాత్‌లు (రాత్రిపూట ఎగిరే, సీతాకోకల్లాంటి పురుగులు) 41. వరి పొలాల వైపు నుంచి వచ్చే పచ్చదీపపు పురుగుల్ని లెక్కపెట్టను, పిచ్చెక్కుతుంది.

పోయినేడు ఇదే రోజు 23. పెరిగాయని సంబరపడే వీల్లేదు. అప్పుడు మధ్యలో ట్యూబు మాడిపోతే మామూలు తెల్ల ఎల్‌ఈడీ తగిలించాను. దానికి మాత్‌లు అంతగా రావు. పైగా ఏడాది మొత్తం లెక్కలో పౌర్ణమి రాత్రులు కూడా కలిపేశాను. వెన్నెల్లో లైటు దగ్గరికి వచ్చేవే తక్కువ. ఆ నోటుబుక్కు దండగ.

జర్మనీలో క్రెఫెల్డ్ పురుగుల సంఘం వాళ్లు 1989 నుంచి 2016 వరకు రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు పెట్టి, పడిన పురుగుల్ని తూకం వేశారు. 27 ఏళ్లలో బరువు 76 శాతం పడిపోయింది. ఆ అంకె కన్నా వాళ్లు వల మార్చకపోవడమే నాకు గొప్పగా అనిపించింది. అందుకే ఇప్పుడు అదే ట్యూబు, అదే మూల, అమావాస్యకి అటూ ఇటూ మూడు రోజులే.

ఇంకో తప్పు కూడా చేశాను. జూన్‌లో లైటు ఆర్పకుండా పడుకున్నాను. తెల్లారి లేచేసరికి పంచె పక్కన పసులపోలిగాడు (తోక చీలిన నల్ల పిట్ట) కూర్చుని ఒక్కోదాన్నీ లాగించేస్తున్నాడు, కింద బల్లి మిగిలినవి చూసుకుంటోంది. పురుగులే తగ్గుతున్నాయని బెంగపడుతూ నేనే వడ్డించానన్నమాట! ఇప్పుడు ఆపగానే పంచె మెల్లగా దులిపి, చెట్ల వైపు వదిలేస్తున్నాను.

కరివేపాకు మొక్కకి ఏ మందూ కొట్టకుండా వదిలేసి నాలుగు నెలలైంది. ఆకులు సగం పోయాయి, అమ్మ రోజూ తిడుతోంది. పక్క మందారంలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడు పెట్టింది. పళ్లు తినే పిట్టే అయినా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులే. నిన్న పొద్దున అరగంటలో తొమ్మిదిసార్లు వచ్చింది, నాలుగుసార్లు ముక్కున పచ్చ గొంగళి కనిపించింది. అవి మన కరివేపాకువేనా అన్నది చూడాలి. రేపు పొద్దున ఆరింటికి బైనాక్యులర్స్‌తో వంటింటి కిటికీ దగ్గర.