అమ్మ కొన్న మసాజ్ మంచం

మా అమ్మకి డెబ్బై ఒకటి. నడుంనొప్పి ఉంది. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక హాల్లో ఉచితంగా థెరపీ ఇస్తున్నారని పక్కింటి పిన్నిగారు చెబితే, నిరుడు వేసవిలో వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున ఆరింటికే వెళ్లి టోకెన్ తీసుకునేది. నలభై నిమిషాలు మంచం మీద పడుకుంటే లోపలి జేడ్ రాళ్ల రోలర్లు మెడ నుంచి నడుము దాకా వెన్నుకి రెండు పక్కలా వెచ్చగా పాకుతాయి. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ మొహం కళకళలాడేది. సగం ఆ వేడి వల్ల, సగం వంతు కోసం కూర్చుని కబుర్లాడే నలుగురి వల్ల. నాన్న పోయాక అమ్మ అంత ఇష్టంగా గడప దాటడం అప్పుడే చూశాను.

నాలుగో నెలలో మంచం ఇంటికే వచ్చింది. లక్షా నలభై వేలు. "షుగర్ కూడా తగ్గుతుందన్నారే" అంది అమ్మ. షుగర్ నయమవుతుందంటూ మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1954లోనే చట్టం వచ్చింది. ఆ మాట అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. మాత్రలు మాత్రం మానొద్దని ఒట్టు వేయించుకున్నాను.

జనవరిలో ఒక రోజు అమ్మ కాళ్లు తుడుస్తుంటే ఎడమ మడమ పైన రూపాయి బిళ్లంత బొబ్బ కనిపించింది. మంచంలో కాళ్లు పెట్టుకునే భాగం కూడా వేడెక్కుతుంది. ఎప్పుడు కాలిందో అమ్మకి తెలియనే తెలియదు. పద్దెనిమిదేళ్లుగా షుగర్ ఉన్న మనిషి. పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ రోజూ కట్టు మారుస్తూ నేను పడ్డ టెన్షన్ చెప్పలేను.

ఆ తర్వాతే ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయిని పిలిచాం. ఒకసారి వస్తే ఆరువందలు. నొప్పి నడుములో అని చెప్పినా, ఆ అమ్మాయి ముందు పాదాల దగ్గర కూర్చుంది. "మామ్మగారూ, కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి" అని సన్నటి నైలాన్ పోగు ఒకటి పది చోట్ల ఆనించింది. అమ్మ మూడు చోట్లే చెప్పింది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయిందన్నమాట. నాకు గుండె జారిపోయింది. లక్షా నలభై వేలు పెట్టే ముందు ఈ రెండు నిమిషాల పరీక్ష ఎవరైనా చేసి ఉంటే!

తర్వాత బోర్లా పడుకోబెట్టి చేత్తో వెతికింది. వెన్నుపూస పక్కన పెద్దగా ఏమీ లేదు. కుడి పిరుదు దగ్గర కండరం ముడిలా పట్టేసి ఉంది. మంచం రోలర్లు వెన్ను వెంటే పోతాయి, అంత పక్కకి రావు. అక్కడ బొటనవేలు ఆనించి నెమ్మదిగా బరువు వేసింది. అమ్మ ఊపిరి బిగపట్టగానే ఆ వేలు ఆగిపోయింది. ఊపిరి వదిలాక మళ్లీ కదిలింది. నా పురుడప్పుడు నీళ్లు పోయడానికి వచ్చిన అవ్వ చెయ్యి గుర్తొచ్చింది. నువ్వుల నూనె రాస్తూ, నేను మూలగకముందే "ఇక్కడేనా తల్లీ" అనేది.

మసాజ్ ఒక్కటే చాలని ఆ అమ్మాయి కూడా అనలేదు. దీర్ఘకాలిక నడుంనొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మసాజ్‌తో పాటు వ్యాయామమూ ఉంది. అమ్మకి నాలుగు వ్యాయామాలు నేర్పింది. రెండు నెలలకి పెరట్లో వంగి కరివేపాకు తుంచుకుంటోంది.

మంచం అమ్మేయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి నడుము పట్టేస్తే ఆ అమ్మాయిని పిలవలేం కదా. తక్కువ వేడి, ఇరవై నిమిషాలు, కాళ్ల భాగం ప్లగ్ తీసేసి వాడుతున్నాం. వేడి ఎంతుందో ముందు నా చెయ్యి పెట్టి చూస్తాను. మీ ఇంట్లో షుగర్‌తో తిమ్మిర్లు ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఉంటే దయచేసి డాక్టర్‌ని అడిగాకే పడుకోబెట్టండి.

హాలుకి అమ్మ ఇప్పటికీ వెళ్తోంది. టోకెన్ తీసుకోదు. పిన్నిగారితో కాసేపు కూర్చుని వస్తుంది.